జీతం అడిగే ముందు గంటలు అడగండి

పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న అబ్బాయి బట్టల షాపులో చేరతానన్నా, ఇంటర్ చదివే అమ్మాయి జిరాక్స్ సెంటర్లో కూర్చుంటానన్నా ఇంట్లో అందరూ అడిగేది ఒకటే: నెలకు ఎంతిస్తారట? చుట్టాలూ అదే అడుగుతారు, స్నేహితులూ అదే అడుగుతారు. పొద్దున ఎన్నింటికి వెళ్లాలి, రాత్రి ఎన్నింటికి వదులుతారు, మధ్యలో కాసేపు కూర్చోనిస్తారా అన్నవి చేరాక తెలిసే సంగతులుగా మిగిలిపోతాయి. ఈ వరుసను తిరగేయమని చెప్పడానికే ఈ అధ్యాయం. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు వయసులో పనికి వెళ్లేవాళ్లకు మిగతా హక్కులన్నీ పని గంటల మీదే నిలబడతాయి. గంటలు ముందే తేల్చుకున్నవాళ్లు జీతం గురించి నిలబడి మాట్లాడగలరు, చదువు నిలుపుకోగలరు, పని బాగోలేకపోతే బయటికి రాగలరు. ఆ ఒక్కటి వదులుకుంటే తక్కినవన్నీ దాని వెంటే జారిపోతాయి.

లెక్క వేసి చూడండి. ఒక షాపువాళ్లు నెలకు 9,000 ఇస్తామన్నారు, డ్యూటీ పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా, వారానికో సెలవు అనుకుందాం. నెలకు 26 రోజులు, రోజుకు 12 గంటలు, మొత్తం 312 గంటలు. గంటకు 29 రూపాయలు కూడా పడవు. పక్క వీధిలో ఇంకొకరు 6,000 ఇస్తామన్నారు, పని రోజుకు ఐదు గంటలు. 130 గంటలకు 6,000 అంటే గంటకు 46 రూపాయల పైమాటే. ఇంట్లో చెప్పుకోవడానికి మొదటిది గొప్పగా ఉంటుంది. కానీ అందులో మీ గంట చౌక, పైగా మీ వయసుకు ఆ డ్యూటీ చట్ట విరుద్ధం కూడా. ఈ రెండో సంగతి షాపు యజమానుల్లో చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు చెప్పరు.

1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. అప్పటినుంచి పద్నాలుగేళ్లు నిండనివాళ్లను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. సొంత కుటుంబం పనిలో బడి అయ్యాక సాయపడటం, సినిమా, టీవీల్లో నటించడం లాంటి కొన్ని మినహాయింపులు మాత్రం షరతులతో ఉన్నాయి. పద్నాలుగు నిండి పద్దెనిమిది నిండనివాళ్లను చట్టం కౌమార కార్మికులుగా గుర్తించి, ప్రమాదకరం కాని పనులకు వీలు కల్పించింది. ఆ వీలుకు గట్టి కంచె కూడా వేసింది. వరుసగా మూడు గంటలకు మించి పని చేయించకూడదు. మూడు గంటలయ్యాక కనీసం గంట విశ్రాంతి ఇవ్వాలి. ఆ విశ్రాంతితో కలిపి రోజు మొత్తం ఆరు గంటలు దాటకూడదు, అంటే చేతి పని ఐదు గంటలే. రాత్రి ఏడు నుంచి పొద్దున ఎనిమిది దాకా పని ఉండకూడదు. ఓవర్‌టైమ్ అసలే లేదు, మీరు ఇష్టపడి చేస్తానన్నా సరే. ఒకచోట పని చేసిన రోజే ఇంకోచోట పనికి వెళ్లకూడదు. వారానికి ఒక పూర్తి రోజు సెలవు. షాపు, వర్క్‌షాపు, హోటల్, సినిమా హాలు, వ్యవసాయ క్షేత్రం అన్నీ దీని కిందికే వస్తాయి. ఇంటివాళ్లే కలిసి నడుపుకునే సొంత వ్యాపారానికి మాత్రం ఈ గంటల లెక్క వర్తించదు.

ఆ ఆరు గంటల నిబంధనలో ఒక చిన్న మాట ఉంది. పని కోసం ఎదురుచూసే సమయం కూడా ఆ ఆరు గంటల్లోనే లెక్క. ఆ మాట రాసినవాళ్లకు మన పెళ్లి భోజనాల సంగతి తెలిసే రాశారా అనిపిస్తుంది. క్యాటరింగ్‌కు వెళ్లే కుర్రాళ్లను మధ్యాహ్నం రెండింటికే వ్యాన్‌లో ఎక్కిస్తారు. ఫంక్షన్ హాల్లో వడ్డన మొదలయ్యేసరికి రాత్రి ఎనిమిదవుతుంది, చివరి బంతి లేచి గిన్నెలు సర్దేసరికి పన్నెండు. కూలీ మాత్రం ‘ఒక పూట’కు కడతారు. చట్టం లెక్కలో ఆ రెండు గంటలకే గడియారం తిరగడం మొదలవుతుంది. వ్యాన్ కోసం నిలబడ్డదీ, సామాను దింపేదాకా కూర్చున్నదీ మీ సమయమే. ఎవరైనా “ఊరికే కూర్చున్నావు కదా, దానికి డబ్బులేంటి” అంటే ఈ నిబంధన గుర్తుంచుకోండి.

చట్టం ఎందుకు గంటల మీదే ఇంత పట్టుబట్టింది? దీనికి మంచి ఆధారాలు అమెరికా నుంచి ఉన్నాయి. అక్కడ హైస్కూలు పిల్లలు పార్ట్‌టైమ్ పని చేయడం మామూలు కాబట్టి పరిశోధకులకు చూడటానికి వీలైంది. ఎలెన్ గ్రీన్‌బర్గర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1986లో ఒక పుస్తకం తెచ్చారు. పని చేస్తే బాధ్యత వస్తుందన్న నమ్మకాన్ని వాళ్లు ప్రశ్నించారు. వారానికి ఇరవై గంటలు దాటి పని చేసే విద్యార్థుల్లో చదువు మీద పట్టు సడలడం, మత్తు పదార్థాల వాడకం పెరగడం వాళ్లకు కనిపించాయి. దీనికి వెంటనే ఎదురు ప్రశ్న వచ్చింది: చదువు మీద మనసు లేనివాళ్లే ఎక్కువ గంటలు పనికి వెళుతున్నారేమో, పని వల్ల చదువు పోయిందని ఎలా అంటారు? ఈ ప్రశ్నలో బలం ఉంది. ఏది కారణం, ఏది ఫలితం అన్నది ఇప్పటికీ పూర్తిగా విడదీయలేదు. మరోవైపు మిన్నెసోటాలోని సెయింట్ పాల్ నగరంలో జేలన్ మోర్టిమర్ బృందం 1980ల చివరినుంచి వెయ్యిమంది విద్యార్థులను ఏళ్ల తరబడి గమనించింది. వారానికి ఇరవై గంటలు దాటకుండా, నిలకడగా పని చేసినవాళ్లకు పెద్దగా నష్టం జరగలేదని, సమయాన్ని సర్దుకోవడం లాంటి మేలు కూడా కలిగిందని వాళ్లు తేల్చారు. ఒకరు పనిని అనుమానించారు, మరొకరు వెనకేసుకొచ్చారు. కానీ ఇద్దరి గీతా దాదాపు ఒకే దగ్గర పడింది. పని మంచిదా చెడ్డదా అన్న వాదం తేలకపోయినా, ఎంత సేపు అన్నదాన్నిబట్టి అది మారిపోతుందన్నది తేలింది.

అమెరికా పిల్లల కథ మనకెందుకు అనవచ్చు. వాళ్లు జేబు ఖర్చుకు పని చేస్తారు, ఇక్కడ ఇంటి అద్దెకూ చెల్లి ఫీజుకూ చేస్తారు. తేడా నిజమే. కానీ నిద్ర ఇద్దరికీ ఒకటే. ఈ వయసులో రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. పైగా ఎదిగే వయసులో నిద్ర వచ్చే వేళ సహజంగానే రాత్రి పొద్దుపోయాక జరుగుతుంది. రాత్రి పదింటికి షాపు షట్టర్ దింపి, ఇంటికొచ్చి తిని పడుకునేసరికి పన్నెండు దాటితే, పొద్దున కాలేజీ బస్సు ఎక్కేవాళ్లకు ఆరు గంటలు కూడా మిగలవు. అందుకే నా సలహా చట్టం కంటే ఒక అడుగు ముందుకు ఉంటుంది. చట్టం ప్రకారం రోజుకు ఐదు గంటల చొప్పున ఆరు రోజులు పని చేయవచ్చు, వారానికి ముప్పై. కాలేజీ నడుస్తున్నప్పుడు ఆ ముప్పై కూడా ఎక్కువే. చదువుతున్నవాళ్లు వారానికి ఇరవై దగ్గర గీత గీసుకోండి. వేసవి సెలవుల్లో ముప్పైకి వెళ్లండి.

ఇక్కడే మన బజారుకూ చట్టానికీ పొసగదు. టిఫిన్ సెంటర్లకు బేరం పొద్దున ఐదున్నరకు మొదలై తొమ్మిదిన్నరకు అయిపోతుంది. కర్రీ పాయింట్లు, చాట్ బండ్లు, బట్టల షాపులు సాయంత్రం ఆరు తర్వాతే కళకళలాడతాయి. చట్టం ఒప్పుకునే ఎనిమిది నుంచి ఏడు మధ్య సమయంలో కాలేజీ ఉంటుంది. ఇలాగైతే చదువుకునేవాడికి చేసే పనేది మిగులుతుంది అని ఎవరైనా అడిగితే, కాలేజీ ఉన్న రోజుల్లో దాదాపు ఏదీ మిగలదనే ఒప్పుకోవాలి. అది చట్టం తప్పని నేను అనుకోను. రాత్రినీ తెల్లవారుజామునూ పనికి దూరంగా ఉంచడమే దాని ఉద్దేశం. మిగిలేవి ఆదివారాలు, దసరా, సంక్రాంతి సెలవులు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా వేసవి. జూన్‌లో పుస్తకాల షాపుల రద్దీ, పండగల ముందు బట్టల షాపుల్లో పగటి డ్యూటీ, సూపర్ మార్కెట్లో మధ్యాహ్నపు షిఫ్టు, చిన్న పిల్లలకు ఇంటి దగ్గర ట్యూషన్ ఇవన్నీ ఆ గీత లోపల కుదురుతాయి. అమెరికాలో ఉన్న మన చుట్టాల పిల్లలు ఐస్‌క్రీమ్ షాపులో పని చేస్తున్నారని ఇక్కడివాళ్లకు ఉదాహరణగా చెప్పడం పరిపాటి అయింది. అక్కడి ఫెడరల్ చట్టం కూడా పద్నాలుగు, పదిహేనేళ్లవాళ్లను బడి ఉన్న రోజు మూడు గంటలకు మించి పని చేయనివ్వదు. సాయంత్రం ఏడింటికి దిగిపోవాలి, వేసవిలో మాత్రం తొమ్మిది. ఉదాహరణ చెప్పేవాళ్లు ఈ సగం వదిలేస్తారు.

గంటలు సరిపోయినా కొన్ని పనులు మీ వయసుకు పూర్తిగా మూసిన తలుపులు. గనులు, పేలుడు పదార్థాలు, మండే పదార్థాలు, ప్రమాదకర రసాయన ప్రక్రియలు ఆ జాబితాలో ఉన్నాయి. ఇవి దూరపు సంగతులు అనిపిస్తాయి కానీ, దీపావళికి ముందు మైదానంలో వేసే బాణసంచా దుకాణంలో వారం రోజులు అమ్మకానికి నిలబడటం కూడా ఇందులోకే వస్తుంది. తయారీతోపాటు నిల్వనూ అమ్మకాన్నీ కలిపే నిషేధించారు. బీడీలు చుట్టడం, మద్యం పోసే బార్లలో, పార్టీల్లో పని చేయడం కూడా అంతే. ఇలాంటి పనుల్లో పెట్టుకున్న యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20,000 నుంచి 50,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

ఇప్పటి కుర్రాళ్లకు ఇంతకంటే దగ్గరి ప్రమాదం బండి మీద డెలివరీ. డెలివరీ యాప్‌లు పద్దెనిమిది నిండనివాళ్లను చేర్చుకోవు కాబట్టి అన్నయ్య ఐడీతో, బాబాయి బండితో తిరిగేవాళ్లు ఉంటారు. పదహారేళ్లకు గేర్లు లేని 50 సీసీ లోపు బండికి మాత్రమే లైసెన్సు ఇస్తారు, అలాంటి బండి ఇప్పుడు షోరూముల్లో వెతికినా దొరకడం కష్టం. 2019 సవరణ తర్వాత, మైనరు బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. ఆ బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది, నడిపినవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఇంకో చిక్కుంది. ఐడీ అన్నయ్యది కాబట్టి ఆ యాప్ లెక్కలో రోడ్డు మీద ఉన్నది మీరు కాదు. దెబ్బ తగిలితే బీమా అడిగే దారి మూసుకుపోతుంది. సంపాదించిన డబ్బు పడేది కూడా అన్నయ్య ఖాతాలోనే. ఒక హక్కు కూడా మీ పేరున మిగలని పనికి ఇంతకంటే పూర్తి ఉదాహరణ దొరకదు.

గంటలు తేలాయి, పని ప్రమాదకరం కాదు, ఇప్పుడు డబ్బు దగ్గరికి రండి. చిన్నపిల్లాడని తక్కువ ఇస్తే తప్పేమీ లేదని చాలామంది అనుకుంటారు. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో 1982లో సుప్రీంకోర్టు, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అని చెప్పింది. ఆకలి వల్ల ఒప్పుకున్నా అది ఒప్పుకున్నట్టు కాదన్నది ఆ తీర్పు సారం. “వాడే ఒప్పుకున్నాడు కదా” అన్న మాటకు ఇంతకంటే మంచి జవాబు లేదు. “ఇంకా పని నేర్చుకుంటున్నాడు, జీతమేంటి” అన్నది రెండో సాకు. నిజంగా నేర్పేవాళ్లకు అప్రెంటిస్ చట్టం ఉంది. అందులో రాతపూర్వక ఒప్పందం, దాని నమోదు, మైనరు తరఫున సంరక్షకుడి సంతకం, నెలనెలా స్టైపెండ్ ఉంటాయి. ఆ కాగితం లేకుండా కౌంటర్ దగ్గర నిలబెట్టి సరుకు అమ్మించుకుంటే మీరు పనివాళ్లే, జీతం రావాల్సిందే.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లో మీకు పనికొచ్చే అంశాలు మూడున్నాయి. నెల జీతం తర్వాతి నెల ఏడో తేదీ లోపు ఇవ్వాలి. జరిమానాల పేరుతో కోసే డబ్బు ఆ నెల జీతంలో మూడు శాతం దాటకూడదు, అదీ మీ సంజాయిషీ విన్నాకే. పదిహేనేళ్లు నిండనివాళ్లకు జరిమానా అసలు వేయకూడదు. గాజు గ్లాసు పగిలిందని, పది నిమిషాలు ఆలస్యమైందని రోజు కూలీ మొత్తం కొట్టేసే అలవాటు ఈ లెక్కకు నిలబడదు. మూడోది నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది: జీతం ఇవ్వలేదని, తక్కువ ఇచ్చారని ఫిర్యాదు చేస్తే, ఇచ్చానని నిరూపించుకోవాల్సిన బాధ్యత యజమానిదే. మీరు నిరూపించాల్సిందల్లా అక్కడ పని చేశానన్నది. దానికి ఒక చిన్న నోటుబుక్కు చాలు. ఏ రోజు, ఎన్నింటికి వెళ్లారు, ఎన్నింటికి దిగారు, ఎంత చేతికొచ్చింది, ఎవరిచ్చారు అని ఆ రోజే రాయండి. నెలాఖరున గుర్తు తెచ్చుకుని రాసినదానికి అంత విలువ ఉండదు. డ్యూటీ గురించి ఫోన్‌లో చెప్పిన మాటను వాట్సాప్‌లో తిరిగి పంపండి, ‘రేపు పదింటికి రమ్మన్నారు కదా సార్’ అని ఒక్క ముక్క. పదేళ్లు దాటినవాళ్లు బ్యాంకు నిబంధనలకు లోబడి సొంతంగా పొదుపు ఖాతా నడుపుకోవచ్చు. ఖాతా తెరిచి జీతం అందులో వేయమనండి. పదో తరగతి మెమో, టీసీ ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వకండి, జిరాక్స్ చాలు. ఒరిజినల్ అడిగే చోట మీరు మానేయాలనుకున్న రోజు దాన్ని అడ్డం పెట్టుకుంటారు.

అడ్వాన్సు విషయంలో ఇంటివాళ్లతో కూడా మాట్లాడాలి. పిల్లాడి పని మీద తండ్రి ముందే పెద్ద మొత్తం తీసుకుంటే, ఆ అప్పు తీరేదాకా మానలేని స్థితి వస్తుంది. 1976 నాటి చట్టం వెట్టి చాకిరీని రద్దు చేసి, అలాంటి అప్పు తీర్చాల్సిన పని లేదంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, పద్దెనిమిది నిండనివాళ్లను పని కోసం కట్టిపడేసినా, వాళ్ల సంపాదన ఇవ్వకుండా పట్టుకున్నా, దాన్ని సొంతానికి వాడుకున్నా ఐదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా. పెద్దవాళ్ల జీతం ఎగ్గొడితే మామూలుగా బకాయిల తగాదా, మీ జీతం ఎగ్గొడితే నేరం. ఈ తేడా యజమానికి నెమ్మదిగా చెప్పినా చాలు, చాలాసార్లు అక్కడే పని జరుగుతుంది.

ఇదంతా చదివాక ఎవరికైనా వచ్చే అనుమానం: ఇన్ని అడిగితే పనిలో ఎవరు పెట్టుకుంటారు? బయట నిలబడ్డవాళ్లు పదిమంది ఉన్నప్పుడు హక్కుల మాట ఎత్తినవాడినే ముందు పంపేస్తారు. ఇది నిజం కాదని చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే. తనిఖీకి వచ్చే అధికారులు తక్కువ, చిన్న దుకాణాలు లెక్కలేనన్ని. గంటల నిబంధన ఉల్లంఘించిన యజమానికి శిక్ష నెల రోజుల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దానికి భయపడేవాళ్లు కొద్దిమందే. అందుకే ఏది ఎప్పుడు అడగాలన్న తెలివి అవసరం. చేరకముందు అడగడం చౌక, చేరాక అడగడం ఖరీదు. మొదటి రోజే అమ్మనో నాన్ననో తీసుకెళ్లి, “ఏడింటికి పంపించేయాలండీ, కాలేజీ ఉంది” అని వాళ్లచేత చెప్పించండి. చట్టం పేరు ఎత్తాల్సిన అవసరం లేదు. కాలేజీ, ఇంటర్ పరీక్షలు, ఇంటి దూరం అన్నవి మన ఊళ్లో అందరికీ అర్థమయ్యే కారణాలు. ముందే తెలిసిన గంటలకు యజమాని ఇంకొకరిని సర్దుకుంటాడు. మూడో వారంలో గుర్తుచేస్తే మాట తప్పినట్టు చూస్తాడు. అలా అడిగినందుకే పెట్టుకోనన్నవాడి దగ్గర ఏం పోయింది? అతను మిమ్మల్ని రాత్రి పదింటిదాకా ఉంచాలనే అనుకున్నాడు. ఆ సంగతి జీతం రాని నెల తర్వాత కాకుండా మొదటి రోజే తెలిసింది.

వయసు ఎక్కువ చెప్పి చేరితే సరిపోతుంది కదా అన్నది ఇంకో దారి. అది మీకే ఎదురు తిరుగుతుంది. పద్దెనిమిది అని రాయించుకున్న రోజునుంచి ఏడింటికి దిగే హక్కు, ఓవర్‌టైమ్ లేకుండా ఉండే హక్కు, సంపాదన పట్టుకుంటే నేరమయ్యే రక్షణ, అన్నింటినీ మీ చేత్తోనే పక్కన పెట్టినట్టు. తర్వాత తగాదా వస్తే “నాకు పద్దెనిమిదే చెప్పాడు” అన్నది యజమాని మొదటి వాదన అవుతుంది. వయసు ధ్రువపత్రం లేనప్పుడు వైద్యుల చేత తేల్చే ఏర్పాటు చట్టంలో ఉంది కానీ, అది తిరుగుళ్ల వ్యవహారం. కౌమార కార్మికుల పేర్లు, పుట్టిన తేదీలు, పని వేళలు రాసిన రిజిస్టరు పెట్టడం యజమాని బాధ్యత. నిజం రాయిస్తే ఆ రిజిస్టరు మీ సాక్ష్యం.

“మేం ఈ వయసులో పొలాలకు వెళ్లలేదా, చెడిపోయామా” అనే పెద్దల మాటను తీసిపారేయకూడదు. పని నేర్పే క్రమశిక్షణ నిజమే, సెయింట్ పాల్ లెక్కలు కూడా దాన్నే చెప్పాయి. అయితే ఆ తరంలో పది ఫెయిలైనా ఇంటి పొలమో కుల వృత్తో ఉండేది. ఇవాళ పదితో ఆగినవాడికి దొరికేది పదిహేనేళ్ల తర్వాత కూడా అదే కౌంటరు. దీనికి పూర్తిగా అవతలి వైపు నుంచి మరో అభ్యంతరం ఉంది. రంగారెడ్డి జిల్లాలో పిల్లలను పని నుంచి బడికి తెచ్చిన ఎం.వి. ఫౌండేషన్, దాన్ని నడిపించి 2003లో మెగసెసే అవార్డు అందుకున్న శాంతా సిన్హా, బడి బయట ఉన్న ప్రతి పిల్లా పిల్లవాడూ బాల కార్మికులే అని వాదించారు. పిల్లలు చవగ్గా దొరకడం వల్లే పెద్దల కూలీ పెరగదన్నది ఆ వాదంలో ఒక భాగం. గద్వాల, నంద్యాల ప్రాంతాల పత్తి విత్తనాల సాగులో పూలు ఒలిచి సంకరం చేసే పనికి ఆడపిల్లలనే ఎందుకు వెతికేవారో చూస్తే ఆ మాట కొట్టివేయలేం. చేతులు చిన్నవని చెప్పేవారు. కూలీ కూడా చిన్నదే. అలాంటప్పుడు పద్దెనిమిది దాకా పని పూర్తిగా నిషేధించాలి కదా? ఆ ఆదర్శంతో నాకు పేచీ లేదు. కానీ ఉచిత నిర్బంధ విద్య హక్కు పద్నాలుగేళ్ల దగ్గర ఆగిపోతుంది, ఇంటి అవసరం ఆగదు. మధ్యలో ఉన్న ఆ నాలుగేళ్లలో చదువునూ సంపాదననూ ఒకే రోజులో ఇమడ్చగల సాధనం ప్రస్తుతానికి ఈ గంటల నిబంధన ఒక్కటే. నిషేధం రాసి కళ్లు మూసుకుంటే అదే పని వెనక గదిలో, లైటు ఆర్పి జరుగుతుంది.

పని చోట ఒంటి మీద చెయ్యి వేసినా, ఫోన్‌లో చెడ్డ బొమ్మలు పంపినా, ఒంటరిగా ఉండమన్నా గంటలూ జీతమూ లెక్క చూసుకుంటూ కూర్చోకండి, ఆ రోజే దిగిపోండి. పద్దెనిమిది నిండనివాళ్లకు, ఆడపిల్లలకైనా మగపిల్లలకైనా, 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పకపోవడం కూడా ఆ చట్టం కింద నేరమే. 1098కి ఫోన్ చేయవచ్చు, రాత్రయినా పగలైనా.

దెబ్బ తగిలితే ఏమిటన్నది ఎవరూ ముందు అడగరు. పనిలో గాయమైతే యజమాని పరిహారం ఇవ్వాలన్న నియమం 1923 నుంచి ఉంది. మరణానికీ శాశ్వత వైకల్యానికీ పరిహారం లెక్కగట్టే పట్టికలో వయసునుబట్టి ఒక అంకె ఉంటుంది, నెల జీతంలో కొంత భాగాన్ని దానితో హెచ్చిస్తారు. యాభై ఏళ్లవాళ్లకు ఆ అంకె 153.09. పదహారేళ్లవాళ్లకు 228.54, పట్టికలో అన్నిటికంటే పెద్దది. ముందున్న సంపాదన కాలం ఎక్కువ కాబట్టి పోయేదీ ఎక్కువ అని ఆ లెక్క ఒప్పుకుంటుంది. అందుకే చిన్న గాయమైనా ఆస్పత్రి చీటీలో ‘పని చేస్తుండగా తగిలింది’ అని రాయించండి. మందులకు డబ్బిచ్చి ఇంటికి పంపేసే మర్యాదకు మొహమాటపడి ఆ ముక్క వదిలేయకండి.

మానేసేటప్పుడు కూడా పద్ధతి ఉంది. మానేస్తున్నానని మెసేజ్ పెట్టండి, అందులో ఎన్ని రోజుల జీతం రావాలో అంకెతో సహా రాయండి. మానేసినా, తీసేసినా రెండు పని దినాల్లో మొత్తం లెక్క కట్టి ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతుంది. రాకపోతే నాన్నతోనో అక్కతోనో వెళ్లి అడగండి, గొడవ పెట్టుకోవడానికి స్నేహితులను గుంపుగా తీసుకెళ్లకండి. అప్పటికీ రాకపోతే మీ ప్రాంతపు సహాయ కార్మిక అధికారి ఆఫీసులో నోటుబుక్కు జిరాక్సుతో ఫిర్యాదు ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. వకీలు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఫోన్ 15100. ఆదాయం ఎంతైనా మహిళలకూ పిల్లలకూ అక్కడ ఉచితమే. రావాల్సిన జీతం అడగడానికి మూడేళ్ల గడువు ఉంటుంది కాబట్టి, పరీక్షలు దగ్గర పడితే అవి రాసి వచ్చాకే ఆఫీసుకు వెళ్లండి. నోటుబుక్కు మాత్రం పారేయకండి.